తాగుడు మాన్పించే ట్రీట్‌మెంట్‌కి మా ఇంటి రివ్యూ: వైజాగ్‌లో మూడు చోట్లు తిరిగాక

ముందే ఒక మాట, ఇందులో ఏ సెంటర్ పేరూ ఏ హాస్పిటల్ పేరూ రాయట్లేదు. ఇలా రాస్తానని తమ్ముడిని అడిగితే "నా పేరొద్దు, ఆళ్ళ పేర్లూ వద్దు అక్కా, మిగతాది ఎంతైనా రాసుకో" అన్నాడు, సరే అన్నాను. పేర్లు లేని రివ్యూ ఏం పనికొస్తుంది అనుకోవచ్చు, కానీ రెండేళ్ళలో మూడు చోట్లు తిరిగి, బోలెడు డబ్బు పోసి, ఒకసారి మనిషిని పోగొట్టుకునేదాకా వెళ్ళొచ్చాక నాకు తెలిసిందేంటంటే బోర్డు మీద పేరు, గదిలో ఏసీ, వెబ్‌సైట్‌లో ఫొటోలు ఇవేవీ కాదు, డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చిన మొదటి వారంలో మీ ఫోన్ మోగిందా లేదా అన్నది చూడాలి. నా రివ్యూ మొత్తం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

తమ్ముడికి 34 ఏళ్ళు, ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పని. మంచి పనోడు, వాడు చేసిన షాఫ్ట్ అయితే మళ్ళీ కొలిచి చూసుకోనక్కర్లేదు అని వాళ్ళ ఓనరే అనేవాడు. నేను ద్వారకానగర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, మా ఇల్లు మర్రిపాలెం, వాళ్ళిల్లు గాజువాక. మొదట్లో ఆదివారాలు, తర్వాత జీతం రోజు, తర్వాత రోజూ సాయంత్రం, తర్వాత పొద్దున్నే, ఇలా ఎప్పుడు ముదిరిందో ఎవరికీ తెలీలేదు. 2024 అక్టోబర్లో కొత్త మద్యం పాలసీ వచ్చి ప్రైవేట్ షాపులు తెరిచాక, 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతుంటే, లెక్క ఇంకా సులువైపోయింది. ఒకరోజు వాళ్ళ ఓనర్ నాకు ఫోన్ చేసి "అమ్మా, ఒకసారొచ్చి చూడండి" అన్నాడు. వెళ్తే వాడు వెర్నియర్ (షాఫ్ట్ సైజు కొలిచే పరికరం) పట్టుకుని నిలబడ్డాడు, చెయ్యి ఎంత వణుకుతుందంటే దాని దవడలు షాఫ్ట్‌కి తగిలి టకటకమని చప్పుడొస్తుంది, వాడు రీడింగ్ చూద్దామని రెండో చేత్తో మణికట్టు పట్టుకుంటున్నాడు, అయినా ఆగట్లేదు. తిరిగే మిషన్ పక్కన ఆ చేతులు. ఓనర్ మంచోడు కాబట్టి పనిలోంచి తీసెయ్యలేదు, బాగు చేయించి తీసుకురండి అన్నాడు.

అప్పటికి అమ్మ సింహాచలం తీసుకెళ్ళి అప్పన్న ముందు ఒట్టు వేయించింది. ఒట్టు తొమ్మిది రోజులు నిలబడింది. చినవాల్తేరు గవర్నమెంట్ ఆసుపత్రికి తీసుకెళ్దాం అని నేనంటే అమ్మ "ఏటే, ఆడికి పిచ్చా ఏటి, పిచ్చాసుపత్రి అంతావు" అని ఏడుపు. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజే వెళ్ళుంటే రెండేళ్ళు మిగిలేవేమో అనిపిస్తుంది. వైజాగ్‌లో చాలా ఇళ్ళల్లో ఇదే మాట ఆపేస్తుంది అని నాకు ఆ తర్వాత వెయిటింగ్ హాళ్ళలో కూర్చున్నప్పుడు తెలిసింది.

మొదటిది ఊరి చివర ఒక ప్రైవేట్ సెంటర్. తెలిసినవాళ్ళు చెప్పారు, నెలకి 20 వేలు, మూడు నెలలు, అడ్వాన్స్ ముందే కట్టాలి, "మేమే వచ్చి తీసుకెళ్తాం, మీకు శ్రమ లేదు" అన్నారు. పొద్దున్న అయిదింటికి వ్యాన్ వచ్చింది, నలుగురు దిగారు, వాడు లుంగీ మీద నిద్రలో ఉన్నాడు, లేపి చేతులు వెనక్కి కట్టి ఎక్కించారు. మరదలు గుమ్మంలో నిలబడి చూస్తుంది, పిల్లలు లేచి చూస్తున్నారు. కాగితం మీద సంతకం పెట్టింది నేను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆడట్లేదు నాకు.

అప్పుడు నాకు చట్టం తెలీదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ ప్రకారం తాగుడుకి, మత్తుకి సంబంధించిన మానసిక సమస్యలు కూడా ఆ చట్టం కిందకే వస్తాయి, ఇలాంటి ట్రీట్‌మెంట్ ఇచ్చే సెంటర్ రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్టర్ అయ్యుండాలి, మనిషి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే ఇంట్లోవాళ్ళు సంతకం పెడితే సరిపోదు, ఒక సైకియాట్రిస్టూ ఇంకో మెంటల్ హెల్త్ ప్రొఫెషనల్ గానీ డాక్టర్ గానీ విడివిడిగా పరీక్ష చేసి అవసరమని తేల్చాలి, అలా చేర్చుకున్నా మొదటి విడత 30 రోజులకి మించి కుదరదు. గొలుసులతో కట్టెయ్యడం ఆ చట్టంలో పూర్తిగా నిషేధం. మాకు వచ్చినవాళ్ళలో డాక్టర్ అనేవాడే లేడు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించండి అని అడగొచ్చన్న సంగతి కూడా నాకు తెలీదు. మీరు మాత్రం అడగండి, గోడకి వేలాడదీసి ఉందా చూడండి, లేకపోతే అడ్వాన్స్ కట్టకుండా వెనక్కి వచ్చెయ్యండి.

భోజనం బాగానే పెట్టారంట, పొద్దున్న యోగా, సాయంత్రం ప్రార్థన, క్లాసులు. కానీ రోజూ తాగేవాడికి ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో అక్కడ పట్టించుకున్నవాళ్ళు లేరు. చివరిసారి తాగిన ఆరేడు గంటలకే వణుకు మొదలవుతుంది, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావొచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొంతమందికి మతి తప్పి లేనివి కనిపిస్తాయి, అది ప్రాణం మీదకి వచ్చే స్థితి, మందులతో దించాలి, బీ1 విటమిన్ ఇవ్వాలి, మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. తమ్ముడికి రెండో రాత్రి గోడ మీద చీమలు బారులుగా పాకుతున్నట్టు కనిపించాయంట, దులుపుకుంటా అరుస్తుంటే నాటకాలాడుతున్నాడని మంచానికి కట్టేశారంట. ఇది వాడు నాకు చెప్పింది ఏడాదిన్నర తర్వాత.

21 రోజులదాకా చూడనివ్వలేదు, ఫోన్ లేదు. మూడు నెలలయ్యాక మనిషి బరువు పెరిగి, గెడ్డం గీసుకుని, తెల్లచొక్కాతో బయటికొచ్చాడు. అందరం ఏడ్చాం, స్వీట్లు పంచాం. చేతిలో ఒక కవర్, అందులో పదిహేను రోజుల మాత్రలు, దేనికి ఏదో రాసిన కాగితం లేదు. అంతే, ఆ తర్వాత ఒక్క ఫోన్ లేదు. నేను చేస్తే "మళ్ళీ తాగితే చెప్పండి మేడమ్, వ్యాన్ పంపుతాం" అన్నారు. పదకొండో రోజు తాగాడు. 60 వేలు, మూడు నెలల పని, పదకొండు రోజులు. దీనికి నేనిచ్చే మార్కులు సున్నా, భోజనం బాగుందని కూడా కలపను.

రెండోది సెంటర్ కాదు, ఒక ప్రైవేట్ హాస్పిటల్ క్యాజువాలిటీ. ఒక ఆదివారం పొద్దున్న డబ్బుల్లేక ముందురోజు నుంచి తాగలేదు, బాత్రూమ్ దగ్గర పడిపోయి ఫిట్స్, నాలుక కొరుక్కుని నోట్లోంచి రక్తం. పరిగెత్తాం. ప్రాణం నిలబెట్టారు, ఆ ఋణం ఉంది. సెలైన్, ఇంజెక్షన్లు, సీటీ స్కాన్, రెండు రోజులు, 26 వేల బిల్లు. డిశ్చార్జ్ కాగితం మీద కింద ఒకటే లైను, మద్యం మానవలెను అని. ఎలా మానాలో, ఎవరి దగ్గరికి వెళ్ళాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో ఏమీ లేదు. బిల్లు కౌంటర్ దగ్గర నుంచి నేరుగా ఆటోలో ఇల్లు.

ఆ ఖాళీలోనే పెద్ద ఘోరం జరిగింది. చుట్టాల్లో ఒకాయన తెల్లమాత్రలు తెచ్చి "సాంబార్లో కలిపి పెట్టండి, తాగితే కక్కేస్తాడు, అదే మానేస్తాడు" అన్నాడు. డైసల్ఫిరామ్ అని ఇప్పుడు తెలుసు. మరదలు వారం రోజులు పొడి చేసి కలిపి పెట్టింది, వాడికి చెప్పలేదు. ఎనిమిదో రోజు తాగొచ్చాడు, అరగంటలో మొహం, మెడ, ఛాతీ కారం రాసినట్టు ఎర్రగా అయిపోయి, గుండె దడదడలాడి, కక్కుకుని కక్కుకుని పడిపోయాడు, హాస్పిటల్‌కి చేరేసరికి బీపీ 80కి 50. అక్కడి డ్యూటీ డాక్టర్ విషయం తెలుసుకుని మమ్మల్ని పక్కకి పిలిచి చెప్పారు, ఈ మందు మనిషికి చెప్పి, ఒప్పించి, గుండె, లివర్ చూసుకుని మాత్రమే ఇస్తారు, తెలియకుండా పెడితే మనిషే పోవచ్చు, మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా మద్యం చుక్క తగలకూడదు అని. మరదలు అక్కడే గోడకి ఆనుకుని కూలబడిపోయింది. దయచేసి ఎవరూ ఇది చెయ్యొద్దు, మెడికల్ షాపులో ఇచ్చినా, సొంత మేనమామ చెప్పినా చెయ్యొద్దు.

ఆ హాస్పిటల్ మూడోది, అసలు రివ్యూ దానికే. ఆ డ్యూటీ డాక్టర్ ఒక చీటీ రాసి లోపల డీ-అడిక్షన్ విభాగానికి పంపారు. మర్నాడు పొద్దున్న ఒకావిడ వచ్చారు, నలభై దాటి ఉంటాయి, శ్రీకాకుళం యాస, కాటన్ చీర, చేతిలో గోధుమరంగు ఫైలు. నేనూ, మరదలూ, అమ్మా ముగ్గురం ఒకేసారి చెప్పబోతుంటే చెయ్యి చూపించి ఆపి, స్టూలు లాక్కుని వాడి మంచం పక్కన కూర్చుని "ఏటి నాన్నా, రాత్రి నిద్దరేటైనా పట్టిందా" అన్నారు. రెండేళ్ళలో వాడిని వాడి గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడ. వాడు దుప్పటి మొహం మీదకి లాక్కుని చాలాసేపు అలాగే ఉన్నాడు, ఆవిడ లేవలేదు.

ఆవిడ కేస్ కోఆర్డినేటర్. అంటే డాక్టర్ కాదు, కౌన్సెలర్ కూడా వేరే ఉన్నారు, ఈవిడ పనల్లా ఈ మనిషికి సంబంధించిన అందరినీ కలిపి ఉంచడం. సైకియాట్రిస్ట్, లివర్ డాక్టర్, కౌన్సెలర్, ఇంట్లోవాళ్ళు, పని ఇచ్చే ఓనర్, ఏఏ మీటింగులు (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునేవి), ఇవన్నీ మామూలుగా మనమే మోసుకుని తిరుగుతాం, ఒక డాక్టర్ రాసింది ఇంకో డాక్టర్‌కి తెలీదు. ఇక్కడ ఆ గోధుమరంగు ఫైల్లో మొదటి పేజీ ఒకటే షీటు, ఎడమ పక్క తేదీ, కుడి పక్క ఎవరు చూశారు, ఏం రాశారు, తర్వాత ఎవరు చూడాలి. సైకియాట్రిస్ట్ మళ్ళీ తాగాలన్న కోరిక తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్ అనుకున్నారు, కానీ లివర్ రిపోర్టు సరిగ్గా లేదని అదే షీటు మీద లివర్ డాక్టర్ నోట్ చూసి మార్చి అకాంప్రోసేట్ రాశారు, రోజుకి మూడుసార్లు, పూటకి రెండు మాత్రలు. ఇద్దరు డాక్టర్లు ఒకే కాగితం చూడటం వల్ల జరిగిన పని అది. చిన్నదిగా అనిపించొచ్చు, మాకు మాత్రం అదే మొదటిసారి.

12 రోజులు వార్డు. మొదటి అయిదు రోజులు వణుకు ఎంత, చెమట ఎంత, కంగారు ఎంత అని కొన్ని గంటలకోసారి మార్కులేసి దాన్ని బట్టి మందు డోసు తగ్గించుకుంటూ వచ్చారు. శనివారం ఇంట్లోవాళ్ళకి క్లాసు. అక్కడ మరదల్ని ఎవరూ తప్పు పట్టలేదు, సాంబార్ సంగతి కూడా అందరి ముందూ ఎత్తలేదు, విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. తమ్ముడికి ఆ సంగతి మరదలే చెప్పింది, కౌన్సెలర్ మధ్యలో కూర్చుంటే. ఆ గదిలో ఏం జరిగిందో వాళ్ళిద్దరూ ఇప్పటికీ చెప్పరు, నేను అడగను.

డిశ్చార్జ్ రోజున చేతిలో పెట్టిన కాగితం తెలుగులో ఉంది, మాత్రల పక్కన సూర్యుడు, చంద్రుడి బొమ్మలు. దాని మీద మళ్ళీ రావాల్సిన తేదీ ముందే రాసి ఉంది, ఆరో రోజు. మూడో రోజు సాయంత్రం ఏడు గంటలకి ఫోన్ మోగింది, ఆవిడే. ముందు తమ్ముడితో, తర్వాత మరదలితో విడిగా. వాడు ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గర నిలబడి "వ్యాన్ పంపుతామనలేదు అక్కా" అన్నాడు.

తర్వాత నేను దీని గురించి చదవడం మొదలుపెట్టాను, అకౌంట్స్ దాన్ని కదా, లెక్క లేకపోతే నాకు తోచదు. అమెరికాలో ఇలాంటి ప్రోగ్రాములు బాగా నడుస్తున్నాయా లేదా అని చూడటానికి కొన్ని కొలతలు పెట్టుకున్నారు. జబ్బు ఇదీ అని తేలిన 14 రోజుల్లో ట్రీట్‌మెంట్ మొదలైందా, మొదలయ్యాక 34 రోజుల్లో ఇంకో రెండుసార్లైనా కలిశారా, మత్తు వల్ల ఎమర్జెన్సీకి వచ్చినవాడిని 7 రోజుల్లో, 30 రోజుల్లో మళ్ళీ ఎవరైనా చూశారా. ఎంత సింపుల్ ప్రశ్నలో చూడండి, ఎంతమంది మానేశారు అని కాదు, ఎంతమందిని వదలకుండా పట్టుకున్నారు అని. నా నోట్‌బుక్ తీసి మావాడికి ఈ లెక్క వేశాను. మొదటి సెంటర్ బయటికొచ్చాక ఫోన్లు సున్నా, కలవడం సున్నా. ఫిట్స్ తర్వాత ఏడు రోజుల్లో సున్నా, ముప్ఫై రోజుల్లో కూడా సున్నా. మూడో చోట మూడో రోజు ఫోన్, ఆరో రోజు ఓపీ, 34 రోజుల్లో నాలుగుసార్లు కలిశారు. తేడా అంతా ఇందులోనే ఉంది, గదుల్లో కాదు.

మన దేశం లెక్క ఇంకా బాధగా ఉంటుంది. 2019లో ఎయిమ్స్ వాళ్ళు కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం చేసిన సర్వేలో మద్యానికి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక ట్రీట్‌మెంట్ అందింది, హాస్పిటల్లో చేరింది 180 మందికి ఒకరు. మావాడు మూడుసార్లు మంచం ఎక్కాడు, అంటే మేం అదృష్టవంతుల కిందే లెక్క. అలా దొరికిన మంచం కూడా ముందువెనకలు చూడకుండా వదిలేస్తే ఏం లాభం.

ఇప్పుడు సంక్రాంతి సంగతి. డిసెంబర్ మధ్యలోనే కౌన్సెలర్ మావాడిని కూర్చోబెట్టి కాగితం మీద రోజులు రాయించారంట, భోగి ఎక్కడ, పండగ ఎక్కడ, కనుమ రోజు ఎవరెవరు వస్తారు, ఎవడు గ్లాసు చేతికిస్తాడు, ఇస్తే ఏం చెప్తావు, ఎక్కడికి లేచి వెళ్తావు. మా ఊరు చోడవరం దగ్గర, కనుమ అంటే మాంసం, మందు లేకుండా మగాళ్ళ పంక్తి ఉండదు. ఆ కాగితం వాడి జేబులోనే ఉంది. భోగి దాటింది, పండగ దాటింది, కనుమ రోజు వాడు పిల్లల్ని తీసుకుని పొలం గట్టుకి వెళ్ళి కూర్చున్నాడు. ముక్కనుమ రోజు తాగాడు. పది నెలల తర్వాత.

నాకు ఫోన్ వచ్చినప్పుడు కాళ్ళల్లో సత్తువ పోయింది. కానీ జరిగిందేంటంటే, మర్నాడు పొద్దున్న వాడే, ఎవరూ చెప్పకుండా, కోఆర్డినేటర్ గారికి ఫోన్ చేశాడు. "మేడమ్, జారిపోయాను" అన్నాడంట. ఆవిడ తిట్టలేదు, ఒట్టు గుర్తు చెయ్యలేదు, ఎంత తాగావు, ఇప్పుడు వణుకుందా, మాత్రలు ఆపలేదు కదా, బస్సు ఎక్కగలవా, రేపు పదికల్లా ఉంటావా అని అయిదు ప్రశ్నలు. మర్నాడు వెళ్ళాడు. డోసు చూశారు, వారానికి రెండుసార్లు రమ్మన్నారు, ఏఏ మీటింగ్‌కి తోడుగా ఒక పాత పేషెంట్‌ని జత చేశారు. ఆ ఒక్కరోజుతో ఆగింది. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళు ఎలా తిరగబెట్టుకుంటారో ఇదీ అంతే, ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్ళలో 40 నుంచి 60 శాతం మంది మళ్ళీ జారతారని మత్తు అలవాట్ల మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థే (నిడా) చెప్తుంది. షుగర్ పెరిగినవాడిని ఎవరూ వ్యాన్‌లో కట్టి తీసుకెళ్ళరు కదా. పది నెలలు మానడం కన్నా ఆ ఒక్క ఫోన్ కాల్ నాకు పెద్ద విషయం, ఎందుకంటే ఇదివరకు జారితే మూడు నెలలు దాచేవాడు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, గట్టివే. కోఆర్డినేటర్ ఒక్కరే, అరవై డెబ్బై మంది పేషెంట్లు. ఆగస్టులో ఆవిడ కూతురి పెళ్ళికి 20 రోజులు సెలవు పెడితే ఆ 20 రోజులూ ఫోన్ ఎవరూ ఎత్తలేదు, వేరేవాళ్ళకి అప్పగించలేదు. ఒక్క మనిషి మంచితనం మీద నడిచేదాన్ని ప్రోగ్రామ్ అంటామా? నేను సూపరింటెండెంట్ గారికి కాగితం రాసిచ్చాను, ఇప్పుడు రెండో ఆవిడని పెట్టారు, కానీ ఆవిడకి ఇంకా ఎవరి కథా తెలీదు, మావాడు ఆవిడతో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు.

ఓపీ పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట వరకే. ఆటోనగర్‌లో పనిచేసేవాడికి అంటే ఒకరోజు కూలి పోయినట్టే, గాజువాక నుంచి వెళ్ళి లైన్లో నిలబడి తిరిగొచ్చేసరికి రెండు దాటుతుంది. మావాడికి ఓనర్ సర్దుకున్నాడు, అందరికీ అలాంటి ఓనర్ ఉండడు. వారానికి ఒక్కరోజైనా సాయంత్రం ఓపీ పెట్టమని మూడుసార్లు అడిగాను. ఇది తాగుడు మానాలనుకునేవాళ్ళ కోసం పెట్టింది, పని చేసుకునే మగాళ్ళే ఎక్కువమంది వస్తారు, మరి పని టైములోనే తెరిస్తే ఎలా?

ఆడవాళ్ళకి విడిగా వార్డు లేదు. ఒకసారి క్యూలో నా వెనక ఒకావిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు, మొదట ఎవరినో తీసుకొచ్చారనుకున్నా, కాదు, ఆవిడే పేషెంట్. ఆవిడని ఎక్కడ చేర్చుకోవాలో తెలీక వెనక్కి పంపేశారు, మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు నాకు. దీనికి నేను ఒక మార్కు కోసేశాను, ఇంకా ఎక్కువే కొయ్యాలి.

డబ్బుల విషయం. వార్డు, టెస్టులు అన్నీ కలిపి 38 వేలు, నెల మందులు 1,400 దాకా, కౌన్సెలింగ్‌కి విడిగా తీసుకోలేదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే రాలేదు, పాలసీల్లో అందరికీ ఒకేలా ఉండే మినహాయింపుల లిస్టులో 12వ కోడ్ ఇదే, మద్యం, డ్రగ్స్ అలవాటుకి చేసే ట్రీట్‌మెంట్‌కి డబ్బులివ్వం అని. ముందే మీ పాలసీలో ఆ లైను వెతుక్కోండి, మేం ఆశపెట్టుకుని రెండు నెలలు తిరిగాం. డబ్బులు కట్టలేనివాళ్ళకి సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే సెంటర్లు ఉంటాయి, 14446కి ఫోన్ చేస్తే మీకు దగ్గర్లోది ఎక్కడుందో చెప్తారు, ఆ ఫోన్‌కి డబ్బులు పడవు. రాత్రిపూట ఇంట్లో గొడవైపోయి ఏం చెయ్యాలో తోచనప్పుడు 14416, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. ముక్కనుమ రాత్రి పదకొండింటికి నేను చేశాను, అవతల అమ్మాయి ఇరవై నిమిషాలు నన్ను ఏడవనిచ్చింది, తర్వాత ఈ రాత్రికి ఏం చూసుకోవాలో చెప్పింది, ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, 108కి చెయ్యాలి అని.

ఇంకో మాట, గంజాయి అలవాటైన పిల్లల తల్లిదండ్రుల కోసం. వెయిటింగ్ హాల్లో అనకాపల్లి వైపు నుంచి వచ్చిన ఒకమ్మ పరిచయం అయ్యారు, ఇంజినీరింగ్ చదివే కొడుకుని తీసుకురావడానికి ఆర్నెల్లు భయపడ్డారంట, పోలీసులకి చెప్పేస్తారేమో, చదువు పోతుందేమో అని. పేషెంట్ విషయం గుట్టుగా ఉంచాలని 2017 చట్టంలోనే ఉంది. తనంతట తాను ట్రీట్‌మెంట్‌కి వచ్చి పూర్తి చేసే అలవాటుపడ్డవాళ్ళకి, కొద్ది మొత్తం కేసుల్లో, మత్తుమందుల చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ రక్షణ కూడా ఇస్తుంది. ఆ ఆర్నెల్లు ఆగకుండా ఉంటే బాగుండేది అని ఆవిడే అన్నారు.

మొత్తం మీద అయిదుకి మూడున్నర ఇస్తున్నా. ఒకటిన్నర ఎందుకు పోయిందో పైన రాశాను. ఎవరైనా ఎక్కడైనా చేర్పించే ముందు వాళ్ళని అడగాల్సినవి: రాత్రి డాక్టర్ ఉంటారా, లివర్ చూపించాలంటే ఎవరికి రాస్తారు, ఇంటికొచ్చాక మొదటి ఫోన్ ఎవరు ఏ రోజు చేస్తారు, ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరు చేస్తారు, మళ్ళీ తాగితే ఏం చేస్తారు. చివరిదానికి వాళ్ళు చెప్పే జవాబు జాగ్రత్తగా వినండి, "తాగడు, గ్యారంటీ" అన్నారంటే లేచి వచ్చెయ్యండి.

తమ్ముడు పనికి వెళ్తున్నాడు. మొన్న టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్తే షాఫ్ట్ కొలుస్తున్నాడు, నేను వాడి మొహం చూడలేదు, చేతులే చూశాను, వెర్నియర్ చప్పుడు రావట్లేదు. వచ్చే మంగళవారం ఓపీ ఉంది. సోమవారం కంటే మంగళవారం రద్దీ తక్కువ, మేం ఎనిమిదికల్లా చీటీ కోసం లైన్లో ఉంటాం. మొదటిసారి వచ్చేవాళ్ళు పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల కవర్లు, ఆధార్ జిరాక్స్ తెచ్చుకోండి, మాత్రల పేరు తెలీకపోతే ఖాళీ షీటైనా తెచ్చుకోండి, ఆ ఫైలు మొదటి పేజీలో మొదటి లైను అదే.